ఆపత్కాలమున బడిపంతుళ్ల భృతి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రఘువంశ పంచమ సర్గమున కౌత్సుని కథ కలదు. గురువైన వరతంతువునకు పదునాలుగు కోట్ల ధనము దక్షిణగా చెల్లింపవలసి ఆ శిష్యుడు రఘుమహారాజు కడకు వచ్చెను. రాజో, విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసి మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చు స్థితిలో నుండెను. అయినను అర్థిని రిక్తహస్తములతో పంపలేదు. కుబేరుని వలన కనకవర్షము కురిసినప్పుడు రాజు అంతయు గొనిపొమ్మనెను. శిష్యుడు లెక్కకు మించి ఒక్క కాసును ముట్టలేదు. తగవు వచ్చినను అది ఎక్కువ ఇత్తునన్నందుకే! లెక్కలు వ్రాయువారికి ఈ కథలో రుచించునది ఇదియే: గురువునకు రావలసిన మొత్తము ముందుగనే తేలియుండెను.

2020 మార్చి నడుమ కరోనా మహమ్మారి కారణమున తెలంగాణమున బడులన్నియు మూతపడినప్పుడు, గురువులకు రావలసినది ఎంత, ఇచ్చువారెవరు అను ప్రశ్నకు ఏ దస్త్రమునందును సమాధానము లేకపోయెను. ఉప్పల్, నాచారములలో ఆ లోటు ఎట్లు తాకినదో ఎరుగుటకు ఆ వాడల స్వరూపము కొంత తెలియవలెను. ఉప్పల్ ఒకప్పుడు ఊరు, పిమ్మట పురపాలకము, 2007లో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసెను, 2016 నుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిది. నాచారము పారిశ్రామికవాడ. కర్మాగారములలో పనిచేయువారును, ఆటోలు తోలువారును, చిల్లర దుకాణదారులును ఇచట కాపురముందురు. పెద్ద పేరుగల పాఠశాలలును కలవు గాని, చిలకానగరు, రామంతాపురము వంటి చోట్ల సందులలో నడచు చిన్న ప్రైవేటు బడులే ఇట్టి సంసారములకు అందుబాటులోనివి. కర్మాగారము ఆగిన కూలి ఆగును. కూలి ఆగిన ఫీజు ఆగును. ఫీజు ఆగిన పంతులు జీతము ఆగును. పంతులు ఇంటి అద్దె మాత్రము ఆగదు.

ఆ ఏటి ఏప్రిలు 21వ తేదీన ప్రభుత్వము 46వ నంబరు ఉత్తరువు జారీచేసి, 2020-21 సంవత్సరమునకు ఫీజులు పెంచరాదనియు, బోధనా రుసుము మాత్రమే నెలనెలా పుచ్చుకొనవలెననియు శాసించెను. తలిదండ్రుల పక్షమున అది న్యాయమే. కాని తగ్గిన రాబడిని పూడ్చు దారి ఆ ఉత్తరువులో లేదు. ప్రభుత్వోపాధ్యాయుల జీతములలో సగము మూడు నెలలపాటు నిలుపబడినను తరువాత చెల్లింపబడెను. వారి పద్దు ఖజానాలో నుండెను గదా! ప్రైవేటు బడి పంతులు పద్దు ఎచ్చటను లేదు. సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు సాగుచుండగా, పంతుళ్లు కొందరు కూరగాయలు అమ్మిరి. కొందరు ఉపాధి హామీ పనులకు పోయిరి.

2021 ఫిబ్రవరిలో పై తరగతులు తెరచిరి. మార్చి 24న మరల మూసిరి. అప్పుడు గాని సర్కారు చేయి కదలలేదు. ఏప్రిలు 8వ తేదీన ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు, గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకును, సిబ్బందికిని బడులు తెరచువరకు నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ఇత్తుమని ప్రకటించెను. మూతపడి అప్పటికి ఏడాది దాటినది. భారత సభాపర్వమున నారదుడు ధర్మరాజును అడిగిన కుశలప్రశ్నలలో, కొలువువారికి జీతము సకాలమున ముట్టుచున్నదా అనునది యొకటి. ఎంత అని కాక, ఎప్పుడు అని అడిగిన ముని లోకజ్ఞుడు.

అయినను ఇచ్చిన విధమున మెచ్చదగినది కలదు. డబ్బు బడి యజమాని చేతికి పోక నేరుగా పంతులు బ్యాంకు ఖాతాకు చేరెను. బియ్యము చౌకధరల దుకాణమున దొరకెను. కొత్త కచేరీ పెట్టకయే పని జరిగెను. పూర్వము వీధిబడి అయ్యవారికి ఇంటింటి నుండి గింజలు కొలిచెడివారు. ఆ ఆచారమే తూకపు యంత్రముతోను, వేలిముద్రతోను మరలివచ్చెనని వృద్ధులు నవ్వుకొనవచ్చును.

చిక్కు అంతయు పట్టికలో వచ్చినది. ప్రతి పాఠశాలయు ఏటేట తన పిల్లల సంఖ్యను, పంతుళ్ల వివరములను యుడైస్ అను లెక్కలో ప్రభుత్వమునకు తెలుపవలెను. దరఖాస్తును ఆ లెక్కతో సరిచూచిరి. రెండు లక్షలకు పైగా దరఖాస్తులు రాగా, మొదట అర్హులుగా తేలినవారు లక్షా 24 వేల పైచిలుకు మాత్రమే. ఈ సంఖ్యకు నెలకు దాదాపు 25 కోట్ల రూపాయలు, 31 వేల క్వింటాళ్ల బియ్యము అగును. రాష్ట్రపు బొక్కసమునకు ఇది మోయరాని బరువు కాదు. బయట మిగిలినవారి మాటయేమి? పదియేండ్లు నల్లబల్ల ముందు నిలిచిన పంతులైనను, యజమాని పేరు వ్రాయని నాడు సర్కారు దృష్టిలో పంతులు కాడు. పంతుళ్ల సంఖ్య తగ్గించి వ్రాసినవారికి నాడు అది చిన్న సౌకర్యము. నేడు అన్యుని అన్నమునకు అడ్డు. మేనెలలో ప్రభుత్వము పట్టిక మరల విప్పి ఇంచుమించు 80 వేల మందిని చేర్చుకొనెను. మొత్తము రెండు లక్షలు దాటెను. తప్పిన వరుసలను తిరిగి వ్రాయుటకు కచేరీవారు సాధారణముగా ఒప్పుకొనరు గనుక ఈ ఒక్క పని ప్రత్యేకముగా చెప్పదగినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దారి వేరు. అచ్చటి కాంగ్రెసు 2020 మార్చిలో 1,320 కోట్ల డాలర్లు, డిసెంబరులో 5,430 కోట్లు, 2021 మార్చిలో దాదాపు 12,200 కోట్లు పాఠశాలల ఆపద్ధనముగా మంజూరు చేసెను. అందు అధిక భాగము రాష్ట్రముల ద్వారా, పేద పిల్లలు ఎక్కువగా నున్న ప్రాంతములకు ఎక్కువ వచ్చునట్లు పంచబడెను. కడపటి మొత్తములో స్థానిక విద్యామండలులకు వచ్చిన దానియందు ఐదవ వంతైనను పోయిన చదువును పూడ్చుటకే వెచ్చింపవలెనని నియమము. ఐశ్వర్యముతో పోటీ వ్యర్థమే. కాని అచ్చట సొమ్ము బడికి చేరి బడిని నిలిపెను; ఇచ్చట సొమ్ము మనిషికి చేరి ఆ నెల గడిపెను. ఉప్పల్ సందులోని చిన్న బడికి ఈ పథకమున అద్దెకు గాని, కరెంటు బిల్లునకు గాని చిల్లిగవ్వ లేదు.

2021 సెప్టెంబరు 1న బడి గంటలు మరల మ్రోగెను. ఆ ఏట తెలంగాణమున అనేకులు తమ పిల్లలను ప్రైవేటు బడి మాన్పించి సర్కారు బడిలో చేర్చిరి. పంతుళ్లలో కొందరు బడికి మరలిరి. మరికొందరు చేతికి వచ్చిన ఇతర వృత్తులలోనే ఉండిపోయిరి.