కొయ్య అచ్చు: కాగితము, గుడ్డ



మచిలీపట్టణపు అద్దకపు దుప్పటిని చూడనివారు ఈ రజతోత్సవ సభలో అరుదు. టేకుచెక్కపై చెక్కిన అచ్చును రంగున అద్ది గుడ్డపై ఒత్తుట మన తెలుగునాట తరతరముల విద్య. అటువంటి కొయ్య అచ్చే జపానుదేశమున కాగితముపై ఒక యుగమంతయు రాజ్యమేలినది.

1603 మొదలు 1867 వరకు ఆ దేశమును తొకుగావా వంశపు సేనానులు ఎదో నగరము నుండి పాలించిరి. అదియే నేటి టోక్యో. సామంతులు తమ తమ సీమల నేలుచునే యుండిరి. అయినను రెండు శతాబ్దములకు పైగా పెద్ద యుద్ధము లేదు. కత్తి ఒరలో నున్నకాలమున వర్తకుని చేత రొక్కము నిలుచును, తీరిక దొరకును. పదవియు గౌరవమును లేని ఆ వర్తకుడే బొమ్మలకును కథలకును పోషకుడయ్యెను.

చిత్రకారుడు పలుచని కాగితముపై గీసిన బొమ్మను చెక్కుడుపనివాడు సకురా చెట్టు చెక్కపై బోర్లించి అంటించి, గీత మాత్రము నిలుచునట్లు తక్కినదంతయు తొలిచివేయును. రంగున కొక చెక్క. మన పనివాడు అచ్చును గుడ్డపై ఒత్తును. వారు చెక్కకు రంగు పూసి, కాగితమును దానిపై పరచి రుద్దుదురు. కాగితము వెంట్రుకవాసియు తొలగకుండుటకు ప్రతి చెక్క అంచున చిన్న గంట్లు పెట్టుదురు. ఆ గంట్లే లేకున్న పది రంగుల బొమ్మయే లేదు! 1765లో సుజుకి హరునోబు చేతిలో ఈ బహువర్ణపు పని వికసించినది. ఆ బొమ్మలకు పెట్టిన పేరు 'నిషికి-ఎ', అనగా జరీబట్ట వంటి బొమ్మ. కాగితమును పొగడుటకు గుడ్డతో పోల్చిరి.

వారు మెచ్చిన గుడ్డలలో మన తీరమువియు గలవు. గోల్కొండ కుతుబ్‌షాహీల యేలుబడిలో, 1605లో, డచ్చివారు మచిలీపట్టణము చేరిరి. వారి ఓడలు చోళమండలపు అద్దకములను నాగసాకి రేవున దించెను. జపానువారు వానిని 'సరస' యని పిలిచి, తేనీటి పాత్రలకు చుట్టి దాచుకొనిరి. కరక్కాయ, పటిక, చిరివేరు కలిసి యిచ్చు ఆ ఎరుపు ఉతికినకొలది తేటపడునే గాని వెలియదు.

మరి లోపమెక్కడ? చేతిలో లేదు. మన పనివాని మేలిసరకును కొనువాడు సముద్రము కావల నుండెను. వారి బొమ్మను కొనువాడు పక్క వీధిలోనే యుండెను. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైనది. పిదప సీమ మిల్లుబట్ట వచ్చి మగ్గమును అద్దకమును రెంటిని దెబ్బతీసెను. మన అచ్చు గుడ్డను విడిచి కాగితముపైకి రానేలేదు. తెలుగు పుస్తకము తొలుత ముద్రణమైనది 1746లో, జర్మనీలోని హాలె పట్టణమున, అదియు సీసపు అక్షరములతో.

1808 నాటికి ఎదో నగరమున పుస్తకములు అద్దెకిచ్చువారు ఆరువందలకు పైగా నుండిరి. కట్టలు వీపున మోసికొని యింటింటికి తిరిగెడివారు. కొనలేనివాడు కొద్ది దినములకు తీసికొని, చదివి, తిరిగి యిచ్చెడివాడు. అదే నాట మన పల్లెలో భారతపు ప్రతి యొకటి తాటాకులపై నున్న, అది ఎవరి యింటి అటకమీద నున్నదో ఊరంతటికి తెలియును.