బొందల మీద పేర్లు ఎందుకు లేవు?

(కల్హేర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి గురించి, భూమి గురించి మాట్లాడకుండ బొందలగడ్డ గురించి మాట్లాడతాడేంది ఈయన అని మీరు అనుకోవచ్చు. బొందలగడ్డ కూడా భూమే. మనోళ్లలో శానమందికి బతికినన్నాళ్లు గుంట జాగ లేదు. చచ్చినంక దొరికే ఆరడుగులే మొదటి జాగ, ఆఖరి జాగ. దాని కాగితం ఎవని దగ్గర ఉందో కూడా మనం ఏనాడూ అడగలేదు.

ముందు మా ఊరి ముచ్చట చెప్త. ఊరు పేరు చెప్పను. ఎందుకు చెప్పనో కొంచెం సేపట్లో మీకే తెలుస్తది.

మాది కథోలిక వాడ. తాతల కాలం నుంచి ఫాదర్లు వచ్చి పూజ చేసిపోతున్న ఊరు. వాడ దాటి వాగు దిక్కు పోతే తుమ్మచెట్ల మధ్య సమాధుల తోట ఉన్నది. చర్చిల సమాధుల తోట అంటరు, వాడల బొందలగడ్డ అంటరు. అందులో సిమెంటు సమాధి ఒక్కటే ఉన్నది. అది ఒక ఫాదర్‌ది. పుట్టిన తేదీ, చచ్చిన తేదీ, పేరు, అన్నీ చెక్కి ఉన్నయ్. మిగిలినయన్నీ మనోళ్లయ్. మట్టి కుప్పలు. రెండు వానాకాలాలు పోతే నేలల కలుస్తయ్.

నవంబర్ 2న ఆత్మల పండుగ. బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకొని అందరం పోతం. ఫాదర్ తీర్థం చల్లుకుంట బొంద బొందకూ తిరుగుతడు. ఒక ఏడు రెండిండ్లోళ్లు ఒకటే కుప్ప మీద కొవ్వొత్తులు పెట్టిన్రు. ఇది మా నాయనది అని ఒకలు, కాదు మా పెద్దమ్మది అని ఇంకొకలు. కొట్లాట దాక పోయింది. ఆఖరికి ఇద్దరు చెరో దిక్కున కొవ్వొత్తి ముట్టించి వచ్చిన్రు. ఆ రోజు అందరు నవ్విన్రు. నాకు నవ్వు రాలే. ఎందుకంటే మా నాయనమ్మ బొంద ఏదో నాకూ తెల్వదు.

అప్పుడు పోయి ఫాదర్‌ని అడిగిన. పాత దస్తరు తీసిండు. మీకు తెలుసో లేదో, కథోలిక చర్చి చట్టంలోనే ఉన్నది, ప్రతి విచారణలో జ్ఞానస్నానాల దస్తరు, పెండ్లిళ్ల దస్తరు, మరణాల దస్తరు ఉండాలె. ఎవరిని పాతిపెట్టినా ఆ పేరు అందులో ఎక్కించాలె. పాతయి లాటిన్‌ల రాసి ఉన్నయ్. ఫాదరే చదివి చెప్పిండు. పేరు అన్న, అంటే మా అన్నమ్మ. రాయప్ప భార్య. వయసు, తేదీ, పాతిపెట్టిన గురువు సంతకం.

ఊర్లె ఆమెను అన్నమ్మ అని పిలిచినోడు లేడు. ‘ఏ ఎల్లీ’ అనేటోళ్లు. పట్వారి దస్తరులో ఆమె పేరు లేదు. భూమి ఉన్నోని పేరే అందులో ఉంటది. బడి దస్తరులో లేదు, బడికి పోతే కదా. ఊరంతటి చావు కబుర్లు మోసినోళ్లు మనోళ్లు. ఎండలో పది కోసులు నడిచి, దొర ఇంట్ల ముసలోడు పోయిండని చుట్టాలకు చెప్పి వచ్చుడు మన వెట్టి. బొంద తవ్వుడు మన వెట్టి, కట్టెలు మోసుడు మన వెట్టి, డప్పు కొట్టుడు మన వెట్టి. అందరి చావులకు నడిచినోళ్ల చావులు రాసినోడు లేడు. ఆ లాటిన్ పుస్తకం ఒక్కటి రాసింది. అందుకు ఆ పుస్తకం పట్ల నాకు గౌరవం ఉన్నది. దాచుకోను.

ఆ పేర్లు చూస్తే చరిత్ర కనబడతది. రాయప్ప, చిన్నప్ప, ఇన్నాసి, శౌరి. రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు, ఇన్నాసి అంటే ఇగ్నేషియస్, శౌరి అంటే జేవియర్. ఇవి తమిళదేశం నుంచి వచ్చిన పేర్లు. 1700 ప్రాంతంల ఫ్రెంచి జెసూట్లు పుదుచ్చేరి దిక్కు నుంచి పుంగనూరు మీదుగ తెలుగు నేలకు వచ్చిన్రు. ఎట్ల వచ్చిన్రు? కాషాయం కట్టి, మాంసం మానేసి, బ్రాహ్మణ సన్యాసుల లెక్క వచ్చిన్రు. మాలమాదిగలతోని కలిస్తే పైకులాలోళ్లు దగ్గరికి రానియ్యరని వాళ్ల లెక్క. గుంటూరు జిల్లాల, రాయలసీమల రెడ్డి కథోలికులు, కమ్మ కథోలికులు అందుకే ఉన్నరు. 1773ల పోపే జెసూట్ల సంఘాన్ని రద్దు చేసిండు, ఆ మిషన్ చితికిపోయింది. తర్వాత వందేండ్లకు, 1876-78 కరువు ఏండ్ల నుంచి, మనోళ్లు వాడలకు వాడలు క్రైస్తవంలకు వచ్చిన్రు. ఇటు నిజాం ఇలాకాకు మిలాన్ ఫాదర్లు 1855ల వచ్చిన్రు, 1886ల హైదరాబాద్ మేత్రాసనం అయింది. అంటే మనం పోయేటాళ్లకు చర్చిల బెంచీలు ముందే పంచుకొని అయిపోయినయ్.

బతికున్నప్పటి బెంచీ సంగతి ఇట్లుంటే చచ్చినోళ్ల సంగతి ఏంది? తమిళనాడుల తిరుచ్చి మేలపుదూర్‌ల కథోలిక సమాధుల తోట నడుమ గోడ కట్టిన్రు. గోడకు ఒక దిక్కు దళితులు, ఇంకో దిక్కు మిగిలిన కులాలు. విల్లుపురం దిక్కు ఎరైయూర్ అనే పల్లెల దళిత కథోలికుల శవం పెద్ద వీధి నుంచి పోవద్దు, వాళ్ల సమాధుల తోట వేరు. మాకు వేరే విచారణ ఇయ్యిండ్రి అని దళితులు అడిగితే 2008 మార్చిల వాళ్ల ఇండ్ల మీద పడ్డరు, పోలీసు కాల్పుల దాక పోయింది. ఒక్క దేవుడు, ఒక్క రొట్టె, రెండు బొందలగడ్డలు. చర్చిల అంటరానితనం ఉన్నదని భారత కథోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబర్‌ల కాగితం మీద ఒప్పుకున్నది. 2022ల పూల ఆంథోని గారు మొదటి దళిత కార్డినల్ అయిన్రు, అదీ తెలుగోడు. సంతోషమే. నేనూ చప్పట్లు కొట్టిన. కాని గోడలు కార్డినల్ టోపీని చూసి వాటంతటవే కూలవు.

బొందలగడ్డకు బయట ఇంకో మూల ఉంటది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. 1917 నాటి చర్చి చట్టం ప్రకారం ఉరి పెట్టుకున్నోళ్లకు, మందు తాగినోళ్లకు చర్చి పద్ధతిల భూస్థాపన లేదు. జ్ఞానస్నానం కాకముందే పోయిన పసిపిల్లలకు ఆశీర్వదించిన నేలల జాగ లేదు. 1983ల కొత్త చట్టం వచ్చింది, ఆత్మహత్య మాట అందులో నుంచి తీసేసిన్రు, పసిపిల్లలకు కూడా దారి ఇచ్చిన్రు. మంచిదే. కాని అంతకు ముందు తుమ్మకంపకు అవతల పెట్టిన పిల్లల సంగతి? మా అమ్మ మొదటి కాన్పు అక్కడనే ఉన్నది. దస్తరులో ఆ పేరు లేదు, పేరే పెట్టలేదు కాబట్టి. ఆత్మల పండుగ నాడు మా అమ్మ ఫాదర్ పోయినంక ఒక్కతే ఆ దిక్కు నడిచిపోయి ఒక బంతిపువ్వు విసిరి వచ్చేది.

సరే, నాయనమ్మ దగ్గరికి వస్త. పేరు దొరికింది కదా, బండ చెక్కించిన. పైన శిలువ, కింద ‘అన్నమ్మ, రాయప్ప భార్య’. ఆ రాత్రే మా చిన్నాయన కొడుకు వచ్చిండు. “అన్నా, ఆ బండ పెట్టకు” అన్నడు. ఎందుకురా అంటే, “నా బిడ్డ ఎస్సీ సర్టిఫికెట్ మీద ఉద్యోగానికి పెట్టింది. ముత్తవ్వ బొంద మీద శిలువ ఉంటే మనుమరాలు హిందూ మాదిగ ఎట్లయితది అని ఎవడన్న ఫోటో తీసి పంపితే?”

ఆ పిలగాడు ఉత్తగ భయపడలేదు. 1950ల రాష్ట్రపతి ఉత్తర్వు తెచ్చి హిందువులకే షెడ్యూల్డ్ కులం అన్నరు. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు. క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. మతానికీ ఈ హోదాకూ లంకె తెంపాలె అని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007ల చెప్పింది, ఆ కాగితం అట్లనే పడి ఉన్నది. మన దగ్గర మతం మారిన ఎస్సీలను బీసీ-సీ అని రాసి ఒక్క శాతం చేతుల పెట్టిన్రు. 2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి ఆడపిల్ల కేసుల తీర్పు చెప్పింది. ఆమె ఎస్సీ కాదు అనడానికి సాక్ష్యం ఏందో తెలుసా? చిన్నప్పుడు కథోలిక చర్చిల రాసిన జ్ఞానస్నానం దస్తరు. రిజర్వేషన్ కోసమే హిందువునని అనుడు రాజ్యాంగాన్ని మోసం చేసుడు అన్నది కోర్టు.

చూసిన్రా? మన ముసలోళ్ల పేరు రాసిన ఒక్క పుస్తకం, మన పిల్లల మీద సాక్ష్యం చెప్పే పుస్తకం కూడా అదే. ప్రార్థనకు పోతే మాదిగతనం పోతదా? పోతే ఊర్లె మమ్ములను ఇంకా ఆ పేరుతోనే ఎందుకు పిలుస్తున్నరు? మా బొందల మీద పేర్లు లేనిది బీదతనం ఒక్కదానితోని కాదు, ఈ భయంతోని. నేను ఊరు పేరు చెప్పనిది కూడా అందుకే.

ఇంకో తిరకాసు ఉన్నది. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015ల సవరించినప్పుడు, శ్మశానంల దళితున్ని అడ్డుకుంటే నేరం అని తెలుగుల అర్థమయ్యేటట్టే రాసిన్రు. కాని 2025 ఏప్రిల్‌ల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారి క్రైస్తవుడైన పాస్టర్‌కు ఆ చట్టం వర్తించదన్నది. అంటే ఒకే తాత మనుమలు ఇద్దరు. ఒకని శవాన్ని ఆపితే అత్యాచారం కేసు. ఇంకొకని శవాన్ని ఆపితే ఊరి తగాద.

శవాన్ని ఆపుతరా అంటరేమో. బస్తర్‌ల ఛింద్‌వాడ అనే ఊరున్నది. అక్కడ 2025 జనవరి 7న మహరా కులం పాస్టర్ ఒకాయన పోయిండు. మహరా అంటే అక్కడి ఎస్సీ. ఆయన తాతను ఆ ఊర్లెనే పెట్టిన్రు. ఈయనను మాత్రం పెట్టనియ్యలేదు. కొడుకు హైకోర్టుకు పోయిండు, సుప్రీంకోర్టుకు పోయిండు. 20 రోజులు తండ్రి శవం మార్చురీల ఉన్నది. జనవరి 27న ఇద్దరు జడ్జీలు రెండు మాటలు చెప్పిన్రు. సొంత పొలంల పెట్టుకోనియ్యుండ్రి అని జస్టిస్ నాగరత్న, క్రైస్తవులకు చూపిన జాగలనే పెట్టాలె అని జస్టిస్ శర్మ. ఇంకా ఆలస్యం కావద్దని ఆఖరికి 20, 25 కిలోమీటర్ల దూరంల కర్కాపాల్‌ల పెట్టమన్నరు. పుట్టిన మట్టి దొరకలే.

మన తెలంగాణల 2019 నుంచి పల్లె ప్రగతి కింద ఊరూరికి వైకుంఠధామం కట్టిన్రు. కాలబెట్టే గద్దెలు, స్నానాల గదులు. ఉపాధి హామీ కూలికి పోయి వాటి రాళ్లు మోసింది మనోళ్లే. మరి పాతిపెట్టేటోళ్లు ఎక్కడికి పోవాలె? ఒక్క క్రైస్తవులే కాదు. చర్చి ముఖం చూడని మాలమాదిగలు కూడా పాతిపెడతరు. ఈ నారాయణఖేడ్ తాలూకా 1956 దాక బీదర్ జిల్లాలది, మీ దిక్కు లింగాయతులు కూర్చోబెట్టి పెడతరు. ముస్లింలకు ఖబరస్తాన్ ఉన్నది. ఇంతమంది మట్టిల పెట్టే ఇలాకాల సర్కారు కట్టింది కాలబెట్టే గద్దె.

అందుకే కల్హేర్ మండలంలోని ప్రతి వాడోళ్లను నేను అడిగేది ఇది. మీ బొందలగడ్డ సర్వే నంబరు ఏందో కనుక్కోండ్రి. పాత సేత్వార్ నకలు, పహాణీ నకలు తీయించుండ్రి. అందులో శ్మశానం అని రాసి ఉన్నదా, పోరంబోకు అని ఉన్నదా, ఎవని పట్టాల కలిసిందా చూడుండ్రి. కలిస్తే తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, తీసుకున్నట్టు రసీదు అడగండ్రి. దున్నకముందు పోవాలె, దున్నినంక కాదు. బొందలున్న జాగల జొరబడి పాడు చేస్తే పాత శిక్షాస్మృతి 297 కింద కేసు ఉండె. ఇప్పుడు న్యాయసంహితల అది 301. దానికి కులం సర్టిఫికెట్ అక్కరలేదు. చర్చి కింద ఉన్న జాగ అయితే, నడుమ కంపగాని గోడగాని ఉంటే, ఫాదర్‌ని గాని పాస్టర్‌ని గాని నిలబెట్టి అడగండ్రి. ముసలోళ్లు ఉన్నప్పుడే వాళ్లను వెంబడి తీసుకపోయి, ఏ బొంద ఎవరిదో ఒక నోటుబుక్కుల రాసిపెట్టుకోండ్రి. బండ పెట్టనీకి భయమైతే నోటుబుక్కన్న ఉండాలె.

భయం లేకుండ పెట్టినోళ్లు ఉన్నరు. చుండూరుల 1991 ఆగస్టు 6న చంపబడ్డ ఎనిమిది మందిని అక్కడి దళితులు ఎక్కడనో వాగు ఒడ్డున పెట్టలేదు. తమ వాడ దగ్గరనే పెట్టుకొని దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నరు. 2014ల హైకోర్టు ముద్దాయిలందరినీ వదిలిపెట్టింది. తీర్పు కొట్టుకపోయినా ఆ సమాధులు మాత్రం అక్కడనే ఉన్నయ్. వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు అవే చెప్తున్నయ్.

మా నాయనమ్మ బండ ఏమైందని ఇక్కడ ఒక అక్క అడిగింది. ఇంకా మా ఇంటెనక గోడకు ఆనిచ్చి ఉన్నది. పేరు గోడ దిక్కుకు తిప్పి పెట్టిన. మా తమ్ముని బిడ్డకు ఆర్డర్ రావాలె.