నూటికి ఐదు రూపాయల వడ్డీ
(సత్తువాచారిలో మిల్లు కార్మికుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



సత్తువాచారిలో అయినా, గుడియాత్తం లుంగీ మగ్గాల దగ్గర అయినా, చేబదులు పుట్టనప్పుడు మనం పోయేది వడ్డీ వ్యాపారి గుమ్మానికే. "నూటికి ఐదే గదా" అంటాడు. బ్యాంకువాడు 12 అంటే భయపడే మనం ఇక్కడ తల ఊపుతాం. ఆ 12 ఏడాదికి, ఈ ఐదు నెలకు!

పదివేలు తెచ్చామనుకుందాం. నెలనెలా 500 కడితే అసలు పెరగదు. కట్టలేకపోతే ఆ 500 అసలులో కలుస్తుంది. రెండో నెల వడ్డీ 525, మూడో నెల 551 రూపాయల పాతిక పైసలు. ఏడాదికి బాకీ 16,000 అవుతుందని మన మనసు లెక్క. చక్రవడ్డీ లెక్కలో 17,959. రెండేళ్లకు 32,251. మూడేళ్లకు 57,918! పేరుకు ఏడాదికి 60 శాతం, నిజానికి దగ్గర దగ్గర 80.

లెక్క కష్టమేమీ కాదు. బాకీని నెలకొకసారి 1.05తో గుణిస్తూ పోవడమే, సెల్‌ఫోను చాలు. అదీ లేకపోతే 72ను వడ్డీతో భాగించండి. ఐదు రూపాయల వడ్డీకి 14 నెలల పైచిలుకులో, మూడు రూపాయలకు 24 నెలల్లో బాకీ రెట్టింపు. ఇది ఉజ్జాయింపే గాని మోసపోకుండా ఉండటానికి సరిపోతుంది.

కందు వడ్డీ, మీటరు వడ్డీ, తండల్ అని పేర్లు పెట్టి మరీ తమిళనాడు ప్రభుత్వం 2003లో అధిక వడ్డీ నిషేధ చట్టం చేసింది. చట్టం ఉంది, సరే. కట్టిన ప్రతి రూపాయికీ చీటీ లేకపోతే ఏం చూపిస్తాం?

ఇదే చక్రం పి.ఎఫ్.లో మన వైపు తిరుగుతుంది. 1990లలో దానికి 12 శాతం వడ్డీ ఉండేది, సొమ్ము ఆరేళ్లలో దాదాపు రెట్టింపు. 2024-25కు ఇచ్చింది 8.25. ఆ లెక్కన తొమ్మిదేళ్లు కావాలి. రేటు అలాగే నిలిస్తే పదివేలు 27 ఏళ్లకు సుమారు 85,000. పెళ్లికనో పండగకనో ఇవాళ పదివేలు తీసే కుర్రవాడు తీసేది ఆ 85,000ని.

జీతాల సంగతీ చూడండి. ఏడాదికి 5 శాతం పెరిగితే నూరు రూపాయల జీతం పదేళ్లకు 163. ధరలు 8 శాతం చొప్పున పెరిగితే నూరు రూపాయల సరుకు 216. పెరిగిన జీతంతో కొనగలిగేది పాత సరుకులో ముప్పావు వంతే. అందుకే ఒప్పందంలో "మూడేళ్లకు 15 శాతం" అంటే మేము ఒప్పుకోం. ఏడాదికి 5 చొప్పున, పెరిగిన జీతం మీద కలిపితే 15.76 అవుతుంది, ఏటికేడు చేతికీ వస్తుంది.

బాకీ చీటీలు, పి.ఎఫ్. పాసుబుక్కులు ఉన్నవాళ్లు ఆదివారం యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. కూర్చుని లెక్క చూద్దాం.