రెండు జట్ల మధ్య ఒక బిడ్డ

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: మత్తయి సువార్త 20:20–34

ఈ ఉదయం మీ ఇంటిలో తల్లి పొయ్యి దగ్గర ఉండి వింటున్నా, తండ్రి పొలానికి బయలుదేరుతూ వింటున్నా, ఒక్క నిమిషం ఆగి మీ బిడ్డల వైపు ఒకసారి చూడండి. ఈ దినం మనం ధ్యానించబోయేది వారిని గూర్చియే.

కొన్ని సంవత్సరాల క్రితం జరిగిన సంగతి మీతో పంచుకొంటాను. డిసెంబరు నెల మొదటి వారం. రాజాం దారిలో ఉన్న ఒక చిన్న పల్లెలో సాయంకాల ప్రార్థన ముగించి బయటకు వచ్చాను. ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. బాబుకు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. కుంటుతూ నడుస్తున్నాడు.

“అయ్యగారూ, బాబు మోకాలు మీద చెయ్యేసి పార్దన సెయ్యండి. సంకురాత్రి ఆటల్లోపు తగ్గిపోవాలి” అన్నది.

ఆ బాబు వాలీబాల్ చక్కగా ఆడతాడు. వాడు ఎగిరి కొడితే పెద్దవాళ్ళు కూడా బంతిని ఎత్తలేరు. అందుకని ఉదయం బడి జట్టులో, సాయంత్రం ఊరి కుర్రాళ్ళ జట్టులో, రెండింటిలోనూ ఆడుతున్నాడు. తల్లి పక్కింటివారితో మాట్లాడుతుండగా నేను వాడిని పక్కకు పిలిచి, “నీకోసం ఏమని ప్రార్థన చెయ్యమంటావు నాన్నా?” అని అడిగాను. ఏదో మాటవరసకు అడిగాను. వాడు అటూ ఇటూ చూసి, మెల్లగా ఇలా చెప్పాడు:

“పండగెల్లేదాకా ఈ నొప్పి తగ్గొద్దని పార్దన సెయ్యండయ్యగారూ. నొప్పుంటేనే నన్ను కూకోనిస్తారు.”

ప్రియులారా, ఇన్నేళ్ళ పరిచర్యలో స్వస్థత కోసం ప్రార్థించమని అడిగినవారు ఎందరో ఉన్నారు. నొప్పి తగ్గవద్దని ప్రార్థించమన్నవాడు ఆ బాబు ఒక్కడే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు వాక్యభాగములోనికి వెళ్దాము. మత్తయి సువార్త 20వ అధ్యాయములో జెబెదయి కుమారుల తల్లి తన ఇద్దరు కుమారులను తీసుకొని ప్రభువు దగ్గరకు వచ్చింది. ప్రభువు ఆమెను, నీకేమి కావాలి అని అడిగాడు. ఆమె దాచుకోలేదు. తన బిడ్డలలో ఒకడు కుడివైపున, ఒకడు ఎడమవైపున కూర్చోవాలని కోరింది. తల్లి మనస్సు అది. ఆమెను మనం తప్పుపట్టనవసరం లేదు.

మన జిల్లాల తల్లిదండ్రులకు అటువంటి ఆశ ఊరకనే రాలేదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోల బరువు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ మన సిక్కోలు ఆడపడుచే. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే పల్లె నుండి వెళ్ళిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి పతకం తెచ్చింది. ఇవి చూసిన తల్లిదండ్రులు, మా బిడ్డ కూడా ఎందుకు కాకూడదు అనుకోవడం సహజమే.

ఆట పాపమని కూడా నేను చెప్పబోవడం లేదు. ఆ బాబు ఆడే వాలీబాల్ పుట్టిందే క్రైస్తవ యువజన సంఘంలో. 1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణంలో వై.ఎం.సి.ఏ.లో పనిచేసిన విలియం మోర్గాన్ గారు ఆ ఆటను కనిపెట్టారు. అపొస్తలుడైన పౌలు కూడా కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో పరుగుపందెమును ఉపమానముగా తీసుకొన్నాడు. దేవుడిచ్చిన కాళ్ళు ఎగరడానికే, దేవుడిచ్చిన ఊపిరి పరుగెత్తడానికే.

రెండు జట్లు అనగానే మీలో కొందరికి ఇద్దరు యజమానుల వాక్యము గుర్తుకు వచ్చి ఉంటుంది. అది ధనమును గూర్చి ప్రభువు పెద్దలకు చెప్పిన మాట. దానిని తీసుకొనివెళ్ళి పదమూడేళ్ళ పసివాడి మెడకు కట్టవద్దు. రెండు జట్లలో చేరాలని వాడు నిర్ణయించలేదు. నిర్ణయించినవారు పెద్దలు.

వాక్యములో ఇంకొక మాట గమనించండి. ప్రభువు ఆ ఇద్దరు కుమారులను, నా గిన్నెలోనిది మీరు త్రాగగలరా అని అడిగినప్పుడు వారు ఏమన్నారు? మావల్ల అవుతుంది అన్నారు. దేనికి ఒప్పుకొంటున్నారో వారికి తెలియదు. తల్లి పక్కనే ఉంది, ఆశతో చూస్తోంది. కాదని ఎలా అంటారు? మన బిడ్డలూ అంతే. “ఆడగలవా?” అని బడిలో మాస్టారు అడిగితే “ఆడగలను సార్” అంటాడు. “సాయంత్రం వస్తావా?” అని ఊరి అన్నలు అడిగితే “వస్తానన్నా” అంటాడు. పిల్లవాడి నోటినుండి వచ్చిన “అవుతుంది” అనే మాట వాడి శరీరం చెప్పిన మాట కాదు. మనలను సంతోషపెట్టడానికి చెప్పిన మాట.

మరునాడు నేను బడికి వెళ్ళి వ్యాయామం మాస్టారిని కలిశాను. ఆయన చెడ్డవాడు కాదు. బాబు జిల్లా స్థాయికి వెళ్ళాలని జీతంలో నుండి బంతులు కొన్న మనిషి. ఊరి జట్టు నాయకుడిని కలిశాను. అతడూ చెడ్డవాడు కాదు. బాబు వట్టి కాళ్ళతో ఆడుతున్నాడని తన కూలి డబ్బులతో బూట్లు కొనిపెట్టాడు. ఆ బూట్లు వేసుకొన్న తరువాత పిల్లవాడు “ఈ రోజు రాలేను” అని ఎలా అనగలడు?

అందరమూ తల్లి సమక్షంలో చర్చి అరుగు మీద కూర్చొని ఒక కాగితం మీద లెక్క వేశాము. బడి జట్టు: ఉదయం ఆరు నుండి ఏడున్నర వరకు, వారానికి ఆరు రోజులు, 9 గంటలు. ఊరి జట్టు: రాత్రి లైట్లు కట్టి ఏడు నుండి తొమ్మిది వరకు, ఐదు రోజులు, 10 గంటలు. ఆదివారం పందెం ఆటలు 3 గంటలు. మొత్తం 22. మాస్టారు ఆశ్చర్యపోయారు. ఆయనకు తన తొమ్మిది గంటలే తెలుసు. నాయకుడికి తన పదే తెలుసు. మొత్తం మోసేది బాబు మోకాలు ఒక్కటే.

అప్పుడు వాడు తల వంచుకొని, “శనివారం చర్చి ఆట కూడా ఉంది” అన్నాడు.

ప్రియులారా, ఇక్కడ నేను సిగ్గుపడి ఒప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది. క్రిస్మస్‌కు సంఘాల మధ్య యౌవనస్థుల పోటీలు పెట్టి, శనివారం రెండు గంటలు అభ్యాసానికి రమ్మని వాడి పేరు వ్రాసినవాడిని నేనే. రెండు జట్లని ఇంతసేపు చెప్పాను గాని, అవి మూడు. ఆ మూడవది నాది. 24 గంటలు అని దిద్దవలసిన చెయ్యి కూడా నాదే.

వైద్యులు ఈ విషయములో ఏమంటున్నారో తెలుసుకోవడం మంచిది. ఎదిగే పిల్లల్లో మోకాలి చిప్పకు క్రింద, తొడ కండరాల నరం వచ్చి కాలి ఎముకకు అతుక్కొనే చోట, ఎముక ఇంకా గట్టిపడదు. మెత్తని భాగం ఉంటుంది. పదే పదే ఎగిరితే, పరుగెత్తితే ఆ చోటు లాగబడి వాచి, నొప్పి పుడుతుంది. 1903లో ఆస్‌గుడ్, ష్లాటర్ అనే ఇద్దరు వైద్యులు దీనిని వివరించారు గనుక వారి పేర్లతోనే పిలుస్తారు. ఎదుగుదల పూర్తయ్యేసరికి చాలామందికి తగ్గిపోతుంది. అయితే అంతవరకు ఆట తగ్గించి, ఆ చోటుకు విశ్రాంతి ఇవ్వాలి. మనమేం చేస్తాం? బామ్ రాసి, గుడ్డ చుట్టి మళ్ళీ మైదానానికి పంపుతాం. వాపు ఉన్నా, కుంటుతున్నా, రాత్రి నొప్పితో లేచినా ఎముకల వైద్యునికి తప్పక చూపించండి.

అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2007లోనే ఒక సలహా ఇచ్చింది. ఒక సీజనులో పిల్లవాడు ఒక్క జట్టులోనే ఆడాలి, రెండవ జట్టు ఉంటే ఆ సమయాన్ని కూడా లెక్కలో కలపాలి, వారంలో కనీసం ఒక రోజు పూర్తిగా సెలవు ఉండాలి అన్నది. 2019లో అక్కడి క్రీడా శిక్షణ వైద్య నిపుణుల సంఘం ఇంకొక సులువైన కొలత చెప్పింది. బిడ్డకు ఎన్నేళ్ళో, వారానికి ఆట అన్ని గంటలు మించకూడదు, రెండు రోజులు విశ్రాంతి ఉండాలి అన్నది. మన బాబుకు 13 ఏళ్ళు. మేమంతా ప్రేమగానే వాడిచేత 24 గంటలు ఆడించాము.

విశ్రాంతి అనే మాట వైద్యులకంటే ముందు ఎవరు చెప్పారు? నిర్గమకాండము 20వ అధ్యాయము 10వ వచనము తెరిచి చూడండి. విశ్రాంతిదినమున పని చేయకూడదని దేవుడు చెప్పినప్పుడు ఇంటి యజమానితో మాట్లాడి ఊరుకోలేదు. వరుసగా పేర్లు చెప్పాడు. ఆ వరుసలో నీ తరువాత వచ్చేది నీ కుమారుడు, నీ కుమార్తె. ఆ తరువాతనే దాసులు, పశువులు, పరదేశులు. నీ బిడ్డ విశ్రాంతి నీ దయ మీద ఆధారపడినది కాదు. అది దేవుడు వాడికి వ్రాసియిచ్చిన హక్కు. దానిని కాపాడే బాధ్యత నీ మీద పెట్టాడు. మన ఎడ్లకు కూడా ఏరువాక ముగిస్తే విశ్రాంతి ఇస్తామే, మన బిడ్డ ఎడ్లకంటే తక్కువా?

మళ్ళీ మత్తయి 20వ అధ్యాయానికి రండి. ఆ అధ్యాయం తల్లితో ముగియలేదు. యెరికో నుండి వెళ్ళేటప్పుడు దారి పక్కన ఇద్దరు గ్రుడ్డివారు కేకలు వేశారు. జనులు వారిని ఊరుకోమని గద్దించారు. ప్రభువు ఏం చేశాడు? నిలిచాడు. వారిని పిలిచి, మీకు నేనేమి చేయాలని కోరుతున్నారు అని అడిగాడు. తల్లిని అడిగిన ప్రశ్నయే, అదే అధ్యాయములో, నోరు మూయించబడినవారిని కూడా అడిగాడు!

సహోదరీ సహోదరులారా, మన ఊళ్ళలో ఆ ప్రశ్న తల్లిదండ్రులను అడిగేవారు ఉన్నారు, శిక్షకులను అడిగేవారు ఉన్నారు. బిడ్డను ఎవరడిగారు? ఆ రాత్రి గుమ్మం దగ్గర నేను అడిగినది కూడా మాటవరసకే. అయినా దేవుడు ఆ చిన్న ప్రశ్నను వాడుకొన్నాడు.

తరువాత ఏమైందని అడుగుతారా? శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు గారు చూసి, మందులకంటే విశ్రాంతి ముఖ్యమన్నారు. కొన్ని వారాలు ఆట పూర్తిగా ఆపాము. తరువాత బడి జట్టు ఒక్కటే ఉంచాము. చర్చి జట్టులో వాడి పేరు నేనే కొట్టివేశాను. క్రిస్మస్ ఆటలకు వాడు కుర్చీలో కూర్చొని పాయింట్లు వ్రాశాడు, చాలా సంతోషంగా వ్రాశాడు. సంక్రాంతికి ఊరి జట్టు ఓడిపోయింది. కొందరు సణిగారు, ఆ తల్లికి కూడా బాధ కలిగింది. బాబు బూట్లు తిరిగి ఇవ్వబోతే నాయకుడు ఒక్క మాట అన్నాడు: “బూట్లు ఆడికాడే ఉండనీండి. ఆట కోసం ఇయ్యలేదు, ఆడికోసం ఇచ్చాను.” ఆ మాటలో నాకు సువార్త వినిపించింది.

ఆ బాబు రాష్ట్ర స్థాయి ఆటగాడు కాలేదు. అటువంటి సాక్ష్యం నా దగ్గర లేదు. డిగ్రీ చదువుకొన్నాడు. ఇప్పటికీ సాయంత్రాలు వాలీబాల్ ఆడుతున్నాడు, ఆట అంటే భయం లేకుండా ఆడుతున్నాడు. నాకు ఆ సాక్ష్యం చాలు.

తల్లిదండ్రులారా, ఈ వారం నాలుగు పనులు చేయండి. మీ బిడ్డ ఆడే గంటలన్నీ, ఒక జట్టువైనా మూడు జట్లవైనా, ఒకే కాగితం మీద వ్రాయండి. ఆ కాగితం శిక్షకులందరికీ చూపించండి. ఒకరి సంగతి ఒకరికి తెలియాలి. వారములో ఒక దినము మైదానం లేని దినముగా ఉంచండి. చివరిగా, ఎవరూ లేనప్పుడు, అన్నం పెడుతూనో, తల దువ్వుతూనో, నీకేమి కావాలి నాన్నా అని బిడ్డను అడగండి. అడిగి, జవాబు వచ్చేవరకు ఆగండి. క్రికెట్ అయినా, కబడ్డీ అయినా, పట్నంలో ఫుట్‌బాల్ అయినా ఇదే మాట. సంఘ పెద్దలారా, యౌవనస్థుల నాయకులారా, మన జట్టు ఆ బిడ్డకు మూడవ బరువు కాకుండా చూచుకొందము.

ప్రార్థన చేసికొందము.

ప్రేమగల మా తండ్రీ, మా బిడ్డలను మాకు ఇచ్చినందుకు స్తోత్రములు. వారి కాళ్ళకు బలము, వారి కన్నులకు నిద్ర, వారి మనస్సుకు సంతోషము దయచేయుము. మా ఆశలను వారి లేత ఎముకల మీద మోపిన మా తప్పును క్షమించుము. దారి ప్రక్కన నిలిచి అడిగిన నీ కుమారునివలె మేమును నిలిచి అడుగునట్లు, విని ఊరుకొనక చేయునట్లు మాకు సహాయము చేయుము. నొప్పిని చాటు చేసుకొని విశ్రాంతి కోరుకొను పసివారు ఏ ఇంటిలో ఉన్నను, ఈ దినమే వారి మాట వినబడునట్లు చేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.