ప్రాంగణానికి చేరిన యుద్ధ సామగ్రి



తెలుగు రాష్ట్రాల నుండి ఏటా వేల సంఖ్యలో విద్యార్థులు ఉన్నత విద్యకై అమెరికా వెళ్తున్నారు. ఫీజు ఎంత, వీసా ఎప్పుడు, గది అద్దె ఎంత అని మనం విచారిస్తాము. ఆ ప్రాంగణపు పోలీసుల వద్ద ఏ ఆయుధాలున్నవో విచారించము. నేడు ఆ సంగతి మాట్లాడదలచాము.

మన విశ్వవిద్యాలయాలలో సాధారణంగా ద్వారం వద్ద కాపలాదారులుంటారు, ఠాణా వెలుపల ఉంటుంది. అక్కడ అనేక విశ్వవిద్యాలయాలకు స్వంత పోలీసు శాఖలున్నవి. తుపాకీ ధరించే అధికారం, అరెస్టు చేసే అధికారం వారికి ఉన్నవి. 1997 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలోని 1033వ సెక్షను సైన్యపు మిగులు సామగ్రిని పోలీసు శాఖలకు అప్పగించే ఏర్పాటు చేసింది. ఆ సంఖ్యే పథకానికి పేరయింది. సామగ్రికి వెల లేదు. రవాణా, నిర్వహణ ఖర్చులు భరిస్తే చాలు. అయితే ఒక షరతు ఉంది: తీసుకున్న వస్తువును ఏడాదిలోపు వినియోగంలోకి తేవాలి.

మా ఉద్యోగ జీవితమంతా ఇండెంట్లు, స్టాకు రిజిస్టర్ల మధ్య గడిచింది. డబ్బిచ్చి కొనే వస్తువుకు అవసరమేమిటి, బడ్జెట్టులో పద్దు ఉన్నదా, మంజూరు ఎవరిది అని పది ప్రశ్నలు పడతాయి. ఉచితంగా వచ్చే వస్తువును అంతగా ఎవరూ నిలదీయరు. దానికి ఏడాది గడువు కూడా తోడైతే వస్తువు ముందు వస్తుంది, దానికి పని తరువాత వెదకవలసి వస్తుంది.

అక్కడ జరిగినది చూడండి. 2014లో అమెరికా ఉన్నత విద్యా పత్రిక ‘క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్’ లెక్క తీయగా, కనీసం 117 కళాశాలలు ఈ పథకం క్రింద సామగ్రి పొందినట్లు తేలింది. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి 70 ఎం-16 రైఫిళ్లు చేరాయి. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి గ్రెనేడ్ లాంచర్ దక్కింది. దానిని బాష్పవాయు గోళాలు పేల్చడానికి మార్చుకున్నారు. ఒహాయో స్టేట్ పోలీసులు 2013లో మందుపాతరలను తట్టుకొనే సాయుధ వాహనాన్ని తెచ్చుకున్నారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ రహదారుల కోసం తయారైన వాహనమది. కళాశాల దారిలో మందుపాతర ఎవరు పాతుతారో మాకు తెలియదు.

ఈ పథకంలో అన్నీ ఆయుధాలే కావు; బల్లలు, దుస్తులు, టార్చిలైట్లు కూడా వస్తాయి. 2007లో వర్జీనియా టెక్‌లో ఒక సాయుధుడు 32 మందిని చంపిన తరువాత, ప్రాంగణ పోలీసులు సిద్ధంగా ఉండాలనే వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. కాని ఇదే ఒహాయో రాష్ట్రంలో 1970 మే 4న, కెంట్ స్టేట్‌లో నేషనల్ గార్డు కాల్పులకు నలుగురు విద్యార్థులు మరణించారు. పదకొండు రోజులకు మిసిసిపీలోని నల్లజాతీయుల కళాశాల జాక్సన్ స్టేట్‌లో పోలీసులు వసతిగృహం మీద కాల్పులు జరిపారు, ఇద్దరు చనిపోయారు. ఆ రెండవ పేరు ఎక్కువమందికి జ్ఞాపకం లేకపోవడం కూడా గమనించదగినదే.

2014 ఆగస్టులో ఫెర్గూసన్ పట్టణ వీధులలో నిరసనకారుల ఎదుట సాయుధ వాహనాలు నిలిచిన దృశ్యాలు వెలువడ్డాక ఈ పథకం చర్చకు వచ్చింది. 2015లో ఒబామా ఆంక్షలు విధించారు, 2017లో ట్రంప్ ఎత్తివేశారు. 2022లో బైడెన్ మరల విధించగా, 2025 జనవరిలో ట్రంప్ ఆ ఉత్తర్వునూ రద్దు చేశారు. అధ్యక్షుడు మారినప్పుడల్లా మారే ఉత్తర్వు మీద విద్యార్థి భద్రతను వదిలివేయలేము.

స్థానికులు అడిగిన చోట ఫలితం వేరుగా వచ్చింది. లాస్ ఏంజెలిస్ పాఠశాలల పోలీసుల వద్ద గ్రెనేడ్ లాంచర్లున్నవని తెలిసినప్పుడు విద్యార్థులు, పౌర సంఘాలు ఊరుకోలేదు. లాంచర్లు, వాహనం, చివరకు రైఫిళ్లు కూడా తిరిగి వెళ్లాయి.

కాలిఫోర్నియా 2021లో చట్టమే చేసింది. విశ్వవిద్యాలయాల పోలీసులకూ అది వర్తిస్తుంది. సైనిక తరహా సామగ్రి కావాలంటే దాని వినియోగ విధానాన్ని విచారణకు 30 రోజుల ముందే బహిరంగంగా ప్రకటించాలి, పాలకమండలి ఆమోదం పొందాలి, ఏటా నివేదిక ఇచ్చి ప్రజలతో సమావేశం జరపాలి. ఆ రాష్ట్రంలో మన పిల్లలు చదువుతున్న తల్లిదండ్రులకు మా మనవి: ఈ వార్షిక నివేదిక ఎక్కడ దొరుకుతుందో పిల్లలను అడగండి. సమావేశం తేదీ వారికి తెలియకపోతే తెలుసుకోమని చెప్పండి.