సేలంలో ఆ ఇల్లు, మా ఊళ్ళో ఆ బావి



"ఏదైనా ఒక పుస్తకం గురించి మాట్లాడండి, అక్టోబరు నెల కదా, కాస్త దయ్యాలుంటే పిల్లలు కూడా వింటారు" అని రేడియో వాళ్ళు అడిగారు. పగలంతా ఇంకెవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతికే కన్సల్టెంట్‌ని నేను. సాహిత్యం గురించి మాట్లాడే అర్హత నాకేముంది? కానీ చేతబడి అనగానే చెప్పాలనిపించిన విషయం ఒకటుంది. అందుకే ఒప్పుకున్నాను.

మనలో చాలామందికి చేతబడి అంటే యండమూరి 'తులసిదళం'. అద్దె పుస్తకాల షాపులో అట్ట ఊడిపోయిన కాపీ తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివాను నేను. ఆ తర్వాత నెల రోజులు రాత్రిపూట పెరట్లోకి వెళ్ళలేదు. నాలుగు బజార్ల దగ్గర నిమ్మకాయ కనబడితే సైకిల్ దిగి పక్కనుంచి నడిపించుకుని వెళ్ళేవాణ్ణి. మా నాయనమ్మకి మాత్రం ఆ పుస్తకం ఇంట్లో ఉండడమే ఇష్టం లేదు. "బయట పారెయ్" అంది. ముసలావిడ చాదస్తం అనుకున్నాను. కాదని తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఈ రోజు చెప్పబోయేది ఆ పుస్తకం కాదు లెండి. నథానియెల్ హాథార్న్ 1851లో అచ్చువేసిన 'ది హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్స్'. గేబుల్ అంటే వాలు కప్పు చివర ముక్కోణంగా పైకి లేచే గోడ. అలాంటివి ఏడున్న ఇల్లు. ఆ పేరుతో ఇల్లు ఇప్పటికీ ఉంది. సేలంలో, సముద్రం ఒడ్డున. మన స్టీలు ప్లాంటు సేలం కాదండోయ్, మసాచుసెట్స్ సేలం. బోస్టన్ నుంచి లోకల్ ట్రైన్లో అరగంట. అక్కడ పోలీసుల చొక్కా బిళ్ళ మీద కూడా చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మ ఉంటుంది. అక్టోబరులో కారు పార్కింగ్ దొరికితే అదే పెద్ద మాయ.

నవల కథ చెబుతాను. చివరిదాకా చెప్పేస్తున్నానని తిట్టకండి, చదువుకోవడానికి 1851 నుంచి టైమిచ్చారు కదా.

మాథ్యూ మాల్ అని ఒక బీదవాడు. అతనికి చిన్న స్థలం, పక్కనే మంచి నీటి ఊట. ఊరు పెరిగి స్థలానికి విలువ వచ్చేసరికి కల్నల్ పించన్ అనే పెద్దమనిషి కన్ను దాని మీద పడింది. ఏళ్ళ తరబడి తగాదా నడిచింది. ఇంతలో ఊళ్ళో మంత్రగాళ్ళున్నారని గోల మొదలైంది. మాల్ కూడా మంత్రగాడే అన్నారు, ఉరితీశారు. ఉరి తీయాల్సిందేనని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు కల్నల్. స్థలం ఎవరికి దక్కిందో వేరే చెప్పాలా? ఉరికంబం మీద నుంచి మాల్ అతన్ని నెత్తురు మింగమని శపించిపోయాడు.

కల్నల్ అక్కడే ఏడు గేబుల్స్ ఇల్లు కట్టించాడు. కట్టిన వడ్రంగి ఎవరనుకున్నారు? చచ్చిపోయిన మాల్ కొడుకు! గృహప్రవేశం రోజున ఊరంతా విందుకొస్తే యజమాని బయటికి రాడు. తలుపు తోసి చూస్తే కుర్చీలో కూచున్నవాడు కూచున్నట్టే ఉన్నాడు. గడ్డం మీద నెత్తురు. అప్పటికే ఆ ఊట నీళ్ళు చప్పబడి, తాగడానికి పనికిరాకుండా పోయాయి.

ఇదంతా మొదటి అధ్యాయంలోనే అయిపోతుంది. అసలు కథ ఆ తర్వాత నూట అరవై ఏళ్ళకి. ఆ ఇంట్లో హెప్జిబా అనే పెళ్ళికాని ముసలావిడ ఒక్కతే మిగిలింది. తినడానికి లేక, వంశం పరువు చంపుకుని, వీధివైపు గదిలో కిరాణా కొట్టు పెట్టింది. కొట్టు తెరిచిన మొదటి రోజు ఆవిడ పడే సిగ్గు చదువుతుంటే మన ఊళ్ళలో చితికిపోయిన దొరల ఇళ్ళు గుర్తొచ్చాయి. తమ్ముడు క్లిఫర్డ్ ముప్ఫై ఏళ్ళు కనబడకుండా పోయాడు. తండ్రి సోదరుణ్ణి చంపాడని జైల్లో పెట్టారు. బయటికొచ్చేసరికి మనిషి సగం పిచ్చివాడయ్యాడు. అతన్ని అందులో ఇరికించిన బంధువు మాత్రం జడ్జీ అయ్యాడు, రేపో మాపో గవర్నరవుతాడు. ఎండకన్నా వెచ్చగా నవ్వుతాడు. ఒకరోజు ఆ జడ్జీ ఇంటికొచ్చి, చనిపోయిన ఆ పెద్దాయన దాచిన ఆస్తి కాగితాలెక్కడున్నాయో చెప్పమని క్లిఫర్డ్‌ని బెదిరించబోతాడు. కాసేపటికి అక్కా తమ్ముడూ రైలెక్కి మాయమయ్యారు. లోపలికి వెళ్ళిన జడ్జీ బయటికి రాలేదు. కొట్టు తెరవలేదు. ఇరుగుపొరుగు వచ్చి తలుపు కొట్టి పోతున్నారు.

ఇక్కడ హాథార్న్ ఒక పని చేస్తాడు. జడ్జీ తాతగారి కుర్చీలోనే చచ్చిపడి ఉన్నాడని చెప్పడు. ఒక అధ్యాయమంతా ఆయన్ని పలకరిస్తూ కూచుంటాడు. లేవండి, మీటింగ్ టైమవుతోంది, విందుకు పిలిచారు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి కదా, అంటూ. చీకటి పడుతుంది, తెల్లారుతుంది, మొహం మీద ఈగ వాలుతుంది. నేను చదివిన భయపెట్టే పుస్తకాలన్నిట్లో ఇంతకన్నా భయపెట్టిన చోటు లేదు. ఊహలో తప్ప ఒక్క దయ్యం కూడా రాదు.

చివరికి తేలేదేమిటంటే, అలా గొంతులో నెత్తురు పడి పోవడం ఆ వంశంలో వస్తున్న జబ్బు. శాపమా, జబ్బా అన్నది హాథార్న్ మనకే వదిలేస్తాడు. వంశానికి రావలసిన భూమి కాగితాలు కల్నల్ పటం వెనకాలే దొరుకుతాయి. అప్పటికవి చిత్తు కాగితాలు, ఆ భూముల్లో వేరేవాళ్ళు ఎప్పుడో స్థిరపడిపోయారు. పై గదిలో అద్దెకుంటున్న ఫోటోల కుర్రాడు ఆ మాల్ వంశంవాడే.

ఇప్పుడు అసలు సంగతి. 1692లో సేలంలో నిజంగానే 19 మందిని ఉరితీశారు. 14 మంది ఆడవాళ్ళు, ఐదుగురు మగవాళ్ళు. గైల్స్ కోరీ అనే ముసలాయన్ని రాళ్ళ బరువు పెట్టి చంపారు. సాక్ష్యం ఏమిటంటే, ఫలానా ఆవిడ రూపం రాత్రి వచ్చి నన్ను గిల్లింది, గొంతు నొక్కింది, అని. ఆ రూపం ఇంకెవరికీ కనబడదు! అలాంటి మాటలు విని వాళ్ళని నిలదీసిన న్యాయాధికారుల్లో జాన్ హాథార్న్ ఒకడు. మన రచయితకి ముత్తాత తండ్రి. మరో జడ్జీ శామ్యూల్ సూవల్ 1697లో చర్చిలో అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. జాన్ ఒప్పుకోలేదు. రచయిత తన ఇంటిపేరు స్పెల్లింగులో ఒక అక్షరం చేర్చుకున్నాడు. ఆ ముత్తాత నుంచి దూరం జరగడానికే అంటారు చాలామంది. దూరం జరిగి ఊరుకోకుండా ఈ నవల రాశాడు. అన్యాయంగా వచ్చిన ఆస్తి మనవల నెత్తిన పడుతుందని ముందుమాటలోనే అంటాడు.

పోయినేడు మా అమ్మాయికి స్కూల్లో వంశవృక్షం వేసుకు రమ్మన్నారు. మూడో క్లాసు. అప్పటికి కొద్దిరోజుల ముందే సేలం తీసుకెళ్ళాం. ఏడు గేబుల్స్ ఇంట్లో పొగగొట్టం పక్కన ఇరుకైన దొంగ మెట్లున్నాయి, అవెక్కి వచ్చాక దానికి అన్నిట్లోనూ రహస్యాలు కావాలి. "డాడీ, మన ఫ్యామిలీలో ఎవరైనా మిస్సింగా?" అంది. నవ్వుతూ ఇండియాకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను.

నాయిన మాట్లాడలేదు. లైన్ కట్టయిందనుకున్నాను. "పాపను అవతలికి పంపు" అన్నాడు.

మాది మెదక్ వైపు. మా తాతకి ఒక అన్న, చిన్నప్పుడే పోయాడు. అతని భార్య, అంటే నాయినకి పెద్దమ్మ, పిల్లలు లేని విధవరాలు. ఆమె పాలికి రెండెకరాలు, అందులో బావి. ఎండాకాలం చుట్టుపక్కల బావులన్నీ ఎండినా అందులో నీళ్ళుండేవట. ఒక ఏడు ఊళ్ళో దూడలు చచ్చాయి, ఒక పసివాడు ఫిట్స్ వచ్చి పోయాడు. ఆమె బాణామతి చేసిందన్నారు. మా వైపు అలా అన్న తర్వాత ఏం చేసేవారో కొందరికి తెలిసే ఉంటుంది. పళ్ళు రాలగొడతారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం. నాయినకి అప్పుడు తొమ్మిదేళ్ళు. చింతచెట్టు కింద చూశాడు. ఆ రాత్రే ఆమె ఊరు విడిచి పోయింది. ఎక్కడికో ఎవరూ అడగలేదు.

"తాత ఏమన్నాడు నాయినా?"

"ఏమనలే."

"ఆపలేదా?"

"ఏమనలే అంటున్న గద బిడ్డా. ఏమనలే, గంతే. మల్ల ఏడు ఆ చెల్క మనమే దున్నినం."

మా తాత ఆ పుకారు పుట్టించాడో, పుట్టినదాన్ని ఊరికే చూస్తూ కూచున్నాడో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. కానీ ఆ రెండెకరాలు నాకు తెలుసు. 2011లో నా ఎం.ఎస్. ఫీజు కోసం అమ్మిన చెలక అదే. నేను ఈ దేశంలో దిగిన విమానం టికెట్టూ అందులోంచే వచ్చింది.

మా ఆవిడతో చెప్పాను. రెండు రోజులు ఇద్దరం దాని మాట ఎత్తలేదు. అదే మా ఇంటి పద్ధతి కాబోలు అని మూడో రోజున నాకే అనిపించింది. అమ్మాయికి ఎంత చెప్పాలి? పళ్ళ సంగతి చెప్పలేదు. ఊరివాళ్ళు అబద్ధం చెప్పి ఒకావిడని వెళ్ళగొట్టారని, మనవాళ్ళు అడ్డుపడలేదని చెప్పాను. "సేలంలో లాగా?" అంది. అవునన్నాను.

సేలం కేసుల్లో శిక్షపడ్డ ఎలిజబెత్ జాన్సన్ అనే అమ్మాయి పేరు ఎన్ని క్షమాపణల తర్వాతా జాబితాలో మిగిలిపోయింది. ఉరి తప్పింది కానీ మచ్చ పోలేదు. నార్త్ ఆండోవర్‌లో మిడిల్ స్కూల్ పిల్లలు, వాళ్ళ టీచరు పట్టుబట్టి వెంటపడితే 2022లో కొట్టేశారు. ఆ సంగతి మా అమ్మాయి మ్యూజియంలో విని గుర్తుపెట్టుకుంది. చార్టులో ముత్తాత పక్కన ఇంకో గడి గీసి, "ఈమె పేరేంటి?" అంది.

పేరు చెప్పడానికి నాయినకి వారం పట్టింది. ఇక్కడ చెప్పొద్దన్నాడు, చెప్పను. చార్టులో మాత్రం రాశాం.

తర్వాత ఒక ఆదివారం నాయినకి ఈ నవల కథ మొత్తం ఫోన్లో చెప్పాను. మధ్యలో ఊఁ కొట్టడం తప్ప ఏమీ అనలేదు. అయిపోయాక అడిగాడు, "ఆ ఇంటి ఊట నీళ్ళు మల్ల మంచిగైనయా?"

"రాయలేదు నాయినా. వాళ్ళు ఆ ఇల్లు ఇడిచిపెట్టి పోయిన్రు."

"మన బాయి పూడ్చిన్రు బిడ్డా" అన్నాడు. "ప్లాట్లు చేసిన్రు."