నీడలో మొలచిన మొక్క

నేను బడిపంతులుగా నున్న దినములలో చేసిన యొక తప్పును ముందుగా మీకు విన్నవించుకొందును.

బడివెనుక గుబురుగా పెరిగిన నేరేడుచెట్టు క్రింద వానకాలమున మొలకలు మెండుగా లేచెను. పిల్లలచే వానిని వేరు చెడకుండ త్రవ్వించి, ఆటస్థలము చుట్టును బట్టబయట నాటించితిని. నీటికి కొఱత లేదు. అయినను పక్షము తిరుగకమునుపే ఆకులు తెల్లబాఱి, అంచులు మాడి, మొక్కలు చాలవఱకు చచ్చెను. పిల్లలు కారణ మడిగిరి. మట్టిదోషమని చెప్పితిని. దోషము మట్టిది కాదు, నాది.

మొక్క తనకు దొరకిన వెలుతురును బట్టి ఆకును కట్టుకొనును. నీడలో పుట్టిన ఆకు వెడల్పుగా, పలుచగా నుండి, కొలదిపాటి వెలుగును, కొమ్మల సందులనుండి జాఱు ఎండతునకలను పట్టుకొనును. ఎండలో పుట్టినది చిన్నదై, మందమై తీవ్రతకు తాళును. నీడయాకుపై ఒక్కుమ్మడిగా ఎండ పడినచో, అందలి పత్రహరితము గ్రహించిన శక్తి వినియోగము కాక, ఆ యాకునే చెఱచును. ముదిరిన ఆకు మరల మందము కాజాలదు. క్రొత్తచిగురే క్రొత్తవెలుగునకు తగిన రూపము దాల్చవలెను.

అడవిలో అన్ని జాతుల స్వభావ మొక్కటి కాదు. టేకుమొలక మొదటినుండియు వెలుగు కోరును. దట్టమైన నీడలో నిలువదు. నేరేడుమొలక బాల్యమున నీడ కోర్చును. పైనున్న ఆకులు ఎఱ్ఱని వెలుగును పీల్చుకొని, కంటికి అంతగా కానరాని ముదురు ఎఱుపును క్రిందికి విడుచును. ఈ భేదమును మొక్కలు పసికట్టును. అందులకు సాధనమైన ఫైటోక్రోమ్ అను వర్ణద్రవ్యమును 1959లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ శాస్త్రజ్ఞులు గుర్తించి చూపిరి. పొరుగునీడ పడెనని తెలియగానే, వెలుగు కోరు జాతులు కాడను పొడుగుగా సాచును. పొడవు వచ్చును గాని బలము తగ్గును. నీడ కోర్చునవి అట్లు పరుగిడక ఓపికతో నుండును. ముసలిచెట్టు కూలి పైన ఆకాశము తెఱచుకొన్నపుడు వాని వంతు వచ్చును.

మరుసటి యేట 40 మొలకలను తీసి, తాటాకుపందిరి క్రింద నుంచితిమి. వారమున కొకసారి కొన్ని ఆకులు తొలగించుచు ఎండను మెల్లమెల్లగా అలవాటు చేసితిమి. క్రొత్త ఆకులు విచ్చిన పిమ్మట, మబ్బుపట్టిన సాయంకాలమున నాటితిమి. 31 బ్రతికెను. మట్టిదోషమని నే నన్న మాటను ఆ పిల్లల యెదుటనే వెనుకకు తీసికొంటిని.

తొలకరికి మీ యూర చెట్లు నాటించునపుడు, ఆ మొక్క ఎంత వెలుగులో పెరిగినదో ముందుగా విచారింపుడు. నీడబిడ్డను ఒక్కదినమున ఎండకు అప్పగింపకుడు.